ఎక్కిన గ్రాఫ్ దిగట్లేదు: కాల్షియం ఛానెల్‌ని కోడ్‌లో కడుతున్న డైరీ

1వ రోజు

దీనంతటికీ మా నాన్నే కారణం. పొద్దున్నే రెండు మాత్రలు అరచేతిలో వేసుకుని "ఒరేయ్, ఇదేమో ఎముకల కోసం కాల్షియం మాత్ర, ఇదేమో బీపీకి కాల్షియాన్ని ఆపే మాత్ర, ఈ రెండూ లోపలికెళ్ళి కొట్టుకోవా?" అన్నాడు. రెండోది ఆమ్లోడిపిన్, కాల్షియం ఛానెల్ బ్లాకర్ అంటారు దాన్ని, అంతవరకు తెలుసు. ఛానెల్ అంటే ఏంటి, అది ఎక్కడుంటుంది, దాన్ని ఆపితే బీపీ ఎందుకు తగ్గుతుంది అంటే మాత్రం నా దగ్గర "అది వేరు, ఇది వేరు నాన్నా" అనే జవాబు తప్ప ఏం లేదు. ఆయన నమ్మలేదు. నాకూ నమ్మకం లేదు.

నాకు ఏదైనా అర్థమవ్వాలంటే కట్టి చూడాలి, చదివితే మాత్రం రెండు రోజుల్లో మర్చిపోతా. అందుకని పాత లాప్‌టాప్‌లో పైథాన్, లెక్కలకి నంపై, గ్రాఫులకి మ్యాట్‌ప్లాట్‌లిబ్ పెట్టుకుని ఒక్క కణం, దాని పొరలో కొన్ని కాల్షియం ఛానెళ్ళు, అంతే, ఇది కడదామని మొదలెట్టా.

మొదటి అంకెలకే కళ్ళు తిరిగాయి. కణం బయట ద్రవంలో విడిగా తిరిగే కాల్షియం సుమారు 1.2 మిల్లీమోలార్, కణం లోపల 100 నానోమోలార్ (మోలార్ అంటే ద్రవంలో ఎంత చిక్కగా కలిసుందో చెప్పే కొలత; మిల్లీ అంటే వెయ్యో వంతు, మైక్రో అంటే పది లక్షల్లో ఒక వంతు, నానో అంటే వంద కోట్లలో ఒక వంతు). అంటే బయట లోపల కన్నా 12,000 రెట్లు ఎక్కువ. సోడియం, పొటాషియం లాంటి వాటికి ఈ తేడా పదుల్లోనే ఉంటుంది. పైగా కణం లోపల వోల్టేజ్ మైనస్ 70 మిల్లీవోల్టులు, కాల్షియం అయాన్‌కి (అయాన్ అంటే చార్జున్న పరమాణువు) రెండు ప్లస్ చార్జులు, అంటే బయట రద్దీ తోస్తోంది, లోపల మైనస్ లాగుతోంది, రెండూ ఒకే దిక్కు. చిన్న కంత దొరికితే చాలు, దూసుకొస్తుంది.

ఎంత బలంగా దూసుకొస్తుందో చెప్పేది నెర్న్‌స్ట్ సమీకరణం, ఒక్క లైన్ కోడ్. రన్ చేస్తే 109 మిల్లీవోల్టులు వచ్చింది. పుస్తకాల్లో 120, 130 దరిదాపుల్లో ఉంటుంది కాబట్టి సరే దగ్గర్లోనే ఉందిలే అనుకుని పడుకున్నా.

2వ రోజు

దగ్గర్లో లేదు. ఊరికే ఓసారి పొటాషియానికి అదే ఫంక్షన్ నడిపి చూద్దామని లోపల 140, బయట 4 మిల్లీమోలార్ ఇస్తే మైనస్ 41 వచ్చింది, రావాల్సింది మైనస్ 95. చూస్తే నేను సహజ లాగరిథం బదులు పది ఆధారంగా ఉండే లాగ్ వాడేశా. అది మార్చా, పొటాషియం సరిపోయింది, ఈసారి కాల్షియం 251కి ఎగిరింది! అప్పుడు గుర్తొచ్చింది, కాల్షియం చార్జ్ 2 కదా, దాంతో భాగించడమే మర్చిపోయా. భాగిస్తే 125. అంటే నిన్న రెండు తప్పులు ఒకదాన్నొకటి కప్పిపుచ్చుకుని ఒప్పు లాంటి అంకె ఇచ్చాయన్నమాట. నేను కూడా బుద్ధిగా నమ్మేశా. ఇక నుంచి ఏ ఫంక్షన్ రాసినా జవాబు ముందే తెలిసిన రెండో అయాన్‌తో చెక్ చేయకుండా ముందుకి వెళ్ళనని కోడ్ పైన కామెంట్ రాసుకున్నా.

సరే, 125. లోపల మైనస్ 70 ఉంది, కాల్షియమేమో లోపల ప్లస్ 125 అయ్యేదాకా వస్తూనే ఉంటానంటోంది, మొత్తం 195 మిల్లీవోల్టుల తోపుడు.

3వ రోజు

ఈరోజు గేటు. ఛానెల్ అనేది ప్రోటీన్, ఊరికే చిల్లు కాదు. గుండె కండరంలో ఉండే క్యావ్ 1.2 రకం తీసుకుంటే దాని ప్రధాన భాగం రెండు వేలకు పైగా ఎమినో ఆమ్లాల ఒకే పొడుగాటి గొలుసు, అది నాలుగు డొమైన్లుగా మడతపడుతుంది, ఒక్కో డొమైన్ పొరని ఆరుసార్లు దాటుతుంది, మొత్తం 24 దాట్లు. నాలుగు డొమైన్లూ గుండ్రంగా నిలబడితే మధ్యలో దారి. ప్రతి డొమైన్లోనూ నాలుగో దాటు, దాన్ని ఎస్4 అంటారు, అదే వోల్టేజ్‌ని పసిగట్టేది: ప్రతి మూడో స్థానంలో ఆర్జినిన్ గానీ లైసిన్ గానీ ఉంటుంది, రెండూ ప్లస్ చార్జువే. లోపల మైనస్‌గా ఉన్నంతసేపు అది లోపలికి లాగబడి ఉంటుంది. లోపలి మైనస్ తగ్గితే పట్టు వదిలి బయటివైపు జరుగుతుంది, ఆ జరుగుడుతో కింద దారి తెరుచుకుంటుంది.

70 మిల్లీవోల్టులంటే ఏముందిలే, గడియారం బ్యాటరీలో ఇరవయ్యో వంతు కూడా కాదు, దానికి ప్రోటీన్ ఎలా కదులుతుంది అని నాకూ డౌటొచ్చింది. కానీ పొర మందం 5 నానోమీటర్లే, భాగించి చూడండి, మీటరుకి 1.4 కోట్ల వోల్టులు. గాలిలో నిప్పురవ్వ పుట్టడానికి మీటరుకి 30 లక్షలు చాలు. అంటే మన ఒంట్లో ప్రతి కణం పొర మీద మెరుపుకి కావాల్సినదాని కన్నా నాలుగు రెట్లకు పైగా బిగువు ఎప్పుడూ ఉంటుంది, మనం మాత్రం ఏం తెలీనట్టు తిరుగుతుంటాం.

కోడ్‌లో ఇది ఒక వంకర గీత, ఏ వోల్టేజ్ దగ్గర ఎన్ని ఛానెళ్ళు తెరుచుకునే అవకాశం ఉందో చెప్పేది. సగం తెరుచుకునే చోటు మైనస్ 15 అని పెట్టా. మైనస్ 70 దగ్గర పదివేలల్లో నాలుగు మాత్రమే తెరిచి ఉంటాయి, సున్నా దగ్గర పదింట తొమ్మిది. విడిగా ఒక్క ఛానెల్‌ని చూస్తే మాత్రం గీత నున్నగా ఉండదు, మూసి ఉంటుంది, టక్కున తెరుచుకుంటుంది, ఒక మిల్లీసెకను అటూ ఇటూగా మళ్ళీ మూసుకుంటుంది, ఎప్పుడనేది పాచికలాటే. ర్యాండమ్ నంబర్లతో ఒకటి నడిపితే దంతాలు ఊడిన దువ్వెనలా వచ్చింది, 500 కలిపి నడిపితే నున్నటి గీత వచ్చింది. ఆ ఒంటరి దువ్వెనని నిజం కణం మీద కళ్ళతో చూడగలగడం నెహర్, సాక్‌మన్ 1976లో పాచ్ క్లాంప్ (సన్నటి గాజు గొట్టాన్ని పొరకి అతికించి ఒక్క ఛానెల్ కరెంట్‌ని కొలిచే పద్ధతి) కనిపెట్టాకే కుదిరింది, దానికి 1991లో నోబెల్ ఇచ్చారు.

తెరిచే కోడ్ మొత్తం 14 లైన్లు. ఇంత ఈజీనా అనుకున్నా. (ఈ లైన్ తర్వాత చదువుకుంటే సిగ్గేసింది.)

4వ రోజు

చిన్న సవరణ. వోల్టేజ్ పెంచేకొద్దీ కరెంట్ పెరుగుతూనే ఉంటుందని ఊహించా, కానీ గ్రాఫ్ సున్నాకి కొంచెం అటువైపు గరిష్ఠానికి వెళ్ళి మళ్ళీ తగ్గింది. తలుపులు ఎక్కువ తెరుచుకుంటాయి గానీ తోపుడు తగ్గిపోతుంది కదా, రెండూ గుణిస్తే, లోపలికొచ్చే కరెంట్‌ని మైనస్‌గా కిందికి గీస్తారు కాబట్టి, లోయ ఆకారం వస్తుంది, నిజం కొలతల్లో కూడా ఇలాగే ఉంటుంది. ఇంకోటి, మామూలు ఓమ్ సూత్రంతో లెక్కేస్తే 125 దాటాక కాల్షియం బయటికి వరదలా పోతున్నట్టు చూపించింది, లోపల ఉన్నదే 100 నానోమోలార్ అయితే బయటికి పోవడానికి ఏముంది? గోల్డ్‌మన్ హాడ్జ్‌కిన్ కాట్జ్ సమీకరణం (ఏ వైపు ఎన్ని అయాన్లున్నాయో కూడా లెక్కలోకి తీసుకునేది) పెడితే ఆ పిచ్చి తగ్గింది.

6వ రోజు

రెండు రోజులు ఒక్కచోటే ఇరుక్కుపోయా, కానీ ఈ ప్రాజెక్టు మొత్తంలో నాకు బాగా నచ్చింది ఇదే కాబట్టి వివరంగా రాస్తా.

ప్రశ్న ఏంటంటే, బయట కాల్షియం 1.2 మిల్లీమోలార్ అయితే సోడియం 140. తలుపు ముందు ఒక్క కాల్షియానికి వందకు పైగా సోడియాలు నిలబడి ఉంటాయి. అయినా ఈ ఛానెల్ కాల్షియాన్నే పంపుతుంది. ఎలా గుర్తుపడుతుంది?

నా మొదటి ప్లాన్ జల్లెడ, సైజు చూసి వదలడం. సైజులు వెతికితే సోడియం అయాన్ వ్యాసార్థం 1.02 ఆంగ్‌స్ట్రామ్, కాల్షియం 1.00. కవలల్లా ఉన్నాయి! జల్లెడ పనికిరాదు.

రెండో ప్లాన్ జిగురు. దారిలో ఇరుకైన చోట నాలుగు డొమైన్ల నుంచీ ఒక్కో గ్లుటమేట్ (ఇదీ ఒక ఎమినో ఆమ్లమే) లోపలికి చెయ్యి చాపి ఉంటుంది, నాలుగూ మైనస్ చార్జువి. రెండు ప్లస్‌లున్న కాల్షియం అక్కడ గట్టిగా అతుక్కుంటుంది, ఒక ప్లస్ ఉన్న సోడియం అంతగా అతుక్కోదు. కాల్షియం అక్కడ కూర్చుంటే సోడియానికి దారి బంద్. బాగుంది కదా, కోడ్ రాసేశా. ఒక మైక్రోమోలార్ కాల్షియం ఉన్నా చాలు సగం సమయం ఆ సీటు నిండి ఉండేంత జిగురు పెట్టా, ఎందుకంటే ప్రయోగాల్లో వచ్చిన అంకె దాదాపు అదే. రన్ చేస్తే సోడియం నిజంగానే ఆగిపోయింది. ఎగిరి గంతేద్దామనుకునేలోపు కాల్షియం కౌంటర్ చూశా, సెకనుకి వెయ్యి.

వెయ్యంటే ఏమీ కాదు. కొలతల ప్రకారం మామూలు పరిస్థితుల్లో ఒక్క ఛానెల్ గుండా 0.3 పికోఆంపియర్ దరిదాపుల్లో కరెంట్ పోతుంది, ఒక్కో అయాన్‌కి రెండు చార్జులనుకుంటే సెకనుకి 9 లక్షలకు పైగా అయాన్లు. నాది వెయ్యి. ఎందుకు అంటే లెక్క సింపుల్, అంత గట్టిగా అతుక్కున్నది వదలాలంటే సగటున ఒక మిల్లీసెకను పడుతుంది, ఒకటి కదిలితేగానీ ఇంకోటి రాదు. జిగురు తగ్గిస్తే వేగం వస్తుంది, కానీ సోడియం కూడా దూరిపోతుంది. పెంచితే సోడియం ఆగుతుంది, కాల్షియం కూడా ఆగుతుంది. ముందు నుయ్యి వెనక గొయ్యి. ఒక రాత్రంతా జిగురు నాబ్‌ని అటూ ఇటూ తిప్పుతూ కూర్చున్నా, ఆ నాబ్‌లో జవాబు లేదని తెల్లారాక గానీ తెలీలేదు.

జవాబు: సీటు ఒకటి కాదు, దారిలో ఒకేసారి రెండు అయాన్లు పడతాయి, ఒకదాని వెనక ఒకటి. మొదటి కాల్షియం గట్టిగా అతుక్కుని కూర్చుంటుంది, వెనక ఇంకో కాల్షియం వచ్చి చేరగానే రెండు ప్లస్ రెండు, ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి, ముందున్నది లోపలికి ఊడిపడుతుంది, వెనకది దాని సీట్లో కూర్చుంటుంది. అంటే జిగురు అలాగే ఉంది, దాన్ని విడిపించేది వెనక నుంచి వచ్చే ఇంకో కాల్షియమే. సోడియం వచ్చి వెనక నిలబడ్డా ఒక్క ప్లస్‌తో అంత నెట్టలేదు. రెండో సీటు, తోపుడు కలిపి కోడ్‌లో పెట్టి ఎంటర్ నొక్కితే సెకనుకి సుమారు 8 లక్షలు, సోడియం దాదాపు సున్నా. లేచి కాసేపు గదిలో తిరిగా.

ఇది నా కల్పన కాదండోయ్, 1984లో ఆల్మర్స్, మెక్‌క్లెస్కీ కప్ప కండరం మీదా, అదే ఏడు హెస్, చెన్ గుండె కణాల మీదా చేసిన పనితో ఈ ఆలోచన నిలబడింది. అందులో నాకు నచ్చిన ప్రయోగం ఒకటుంది: బయట కాల్షియాన్ని దాదాపు పూర్తిగా తీసేస్తే ఈ ఛానెల్ గుండా సోడియం బ్రహ్మాండంగా పోతుంది! మళ్ళీ ఒక మైక్రోమోలార్ కాల్షియం వేస్తే ఆ సోడియం కరెంట్ సగానికి పడుతుంది, ఇంకా చాలా వేస్తే అప్పుడు కాల్షియం కరెంట్ మొదలవుతుంది. అంటే కాపలావాడూ కాల్షియమే, లోపలికెళ్ళే అతిథీ కాల్షియమే. నా మోడల్లో కాల్షియం తగ్గిస్తూ పోతే అదే లోయ ఆకారం వచ్చింది, ఆ గ్రాఫ్‌ని డెస్క్‌టాప్ వాల్‌పేపర్ చేసుకున్నా.

9వ రోజు

ఇప్పుడు ఛానెళ్ళని కణంలో పెట్టా. 10 మైక్రోమీటర్ల వ్యాసం ఉన్న గుండ్రటి కణం, 1000 ఛానెళ్ళు. ముందు ఒక లెక్క: ఆ కణంలో 100 నానోమోలార్ అంటే అసలు ఎన్ని విడి కాల్షియం అయాన్లు? దాదాపు 31,500. అంతే! నేను కోట్లలో ఊహించా. ఒక్క ఛానెల్ ఒక్క మిల్లీసెకను తెరుచుకుంటే తొమ్మిది వందల పైచిలుకు వస్తాయి, అంటే ముప్ఫై నలభై ఛానెళ్ళు ఒక్క మిల్లీసెకను తెరుచుకుంటే చాలు, కణంలో ఉన్న సరుకు రెట్టింపు. కణం కాల్షియాన్ని సిగ్నల్‌గా ఎందుకు వాడుతుందో నాకు ఈ అంకె చూశాకే ఎక్కింది, నిశ్శబ్దంగా ఉన్న గదిలో గుసగుస కూడా వినపడుతుంది కదా, లోపల అంత తక్కువ ఉంచుకుంటేనే కొంచెం వచ్చినా తెలుస్తుంది. సోడియంతో ఈ పని కుదరదు, లోపల ఇప్పటికే పది పదిహేను మిల్లీమోలార్ ఉంటుంది.

1000 ఛానెళ్ళని 2 మిల్లీసెకన్లు తెరిచా. గ్రాఫ్ 100 నానోమోలార్ నుంచి 6 మైక్రోమోలార్‌కి ఎగిరింది, అరవై రెట్లు. సంతోషం. తలుపులు మూశా. గ్రాఫ్ దిగలేదు.

పది సెకన్లు నడిపా, అడ్డంగా గీత గీసినట్టు అక్కడే ఉంది. బగ్ అనుకుని గంట వెతికా, ఛానెళ్ళు నిజంగానే మూసుకున్నాయి, కోడ్ కరెక్టే. తలుపు మూస్తే కొత్తవి రావు, వచ్చినవి ఎక్కడికి పోతాయి? ఇంత చిన్న విషయం నా బుర్రకి తట్టలేదు. మిగతా సిగ్నల్ అణువులనైతే ఎంజైములు ముక్కలు చేసేస్తాయి. కాల్షియం మూలకం, దాన్ని ముక్కలు చేసేవాడు ఎవడూ లేడు. ఉంటే లోపల ఉండాలి, లేకపోతే బయటికి మోసుకుపోవాలి. లోపల ఎక్కువసేపు ఎక్కువగా ఉంటే ఫాస్ఫేట్‌తో కలిసి గట్టిపడుతుంది, ఎముకలో ఉన్నది ఆ జంటే కదా, పైగా కణాన్ని చంపే ఎంజైములు కూడా మేలుకుంటాయి.

అంటే నేను ఇన్నాళ్ళూ రాసింది కథలో మొదటి పేజీ. ఛానెల్ తెరవడం 14 లైన్లు, అసలు పనంతా తర్వాతది.

11వ రోజు

తోడేసే వాళ్ళని పెట్టా. మూడు రకాలు: కణం పొర మీద ఉండే పంపు, ఒక ఏటీపీ (కణానికి శక్తినిచ్చే అణువు) ఖర్చుపెట్టి ఒక కాల్షియాన్ని బయటికి గెంటుతుంది. లోపల సార్కోప్లాస్మిక్ రెటిక్యులం అనే సంచీలోకి తోడే సెర్కా పంపు, ఒక ఏటీపీకి రెండు. మూడోది మారకం వ్యాపారి, మూడు సోడియాలని లోపలికి రానిచ్చి ఒక కాల్షియాన్ని బయటికి పంపుతుంది. వీటితో పాటు లోపల కాల్షియాన్ని పట్టుకుని కూర్చునే ప్రోటీన్లు, బఫర్లంటారు, వచ్చినవాటిలో ఎక్కువ భాగం వెంటనే వీటికి చిక్కుతుంది. నేను నూటికి 99 పట్టుకుంటాయని పెట్టుకున్నా, దాంతో 6 మైక్రోమోలార్ ఎగురుడు కాస్తా 60 నానోమోలార్ అయిపోయింది.

మధ్యలో ఒక కామెడీ. పంపుల వేగం పెంచి, టైమ్ స్టెప్ (ఒక్కో లెక్కకి కాలాన్ని జరిపే అడుగు) పెద్దదిగా వదిలేస్తే కణంలో కాల్షియం మైనస్ 40 నానోమోలార్ అని చూపించింది. లేని కాల్షియాన్ని కూడా తోడేసిన పంపు! స్టెప్‌ని 0.01 మిల్లీసెకన్లకి తగ్గించాక బుద్ధిగా ఉంది.

కానీ ఇప్పుడు ఇంకో తలనొప్పి. కణమంతటికీ సగటు 160 నానోమోలార్ దాటట్లేదు, నరాల చివర్లో పక్క కణానికి కబురు పంపే రసాయనాల సంచులు పేలి వాటిని విడుదల చేయడానికేమో అంతకన్నా వందల రెట్లు కావాలి. మరి ఎలా? సగటు చూడటమే నా తప్పు. ఛానెల్ నోటి దగ్గర లెక్కేస్తే, బఫర్లు లేవనుకుని, 20 నానోమీటర్ల దూరంలో దాదాపు 56 మైక్రోమోలార్, 200 నానోమీటర్ల దూరంలో 5.6. ఛానెల్ తెరుచుకున్న ప్రతిసారీ దాని నోటి చుట్టూ చిన్న మేఘం లేస్తుంది, మూసుకోగానే ఇట్టే కరిగిపోతుంది, మిగతా కణానికి పెద్దగా తెలియనే తెలియదు. నరాల చివర్లో సంచులు సరిగ్గా ఆ మేఘంలో కూర్చుని ఉంటాయి. పైగా విడుదల అనేది కాల్షియానికి నాలుగో ఘాతం లెక్కన ఉంటుందని డాడ్జ్, రహమిమోఫ్ 1967లో కప్ప నరం, కండరం కలిసే చోట చూపించారు, అంటే కాల్షియం సగమైతే విడుదల పదహారో వంతు. ఎవరు ఎంత దూరంలో కూర్చున్నారన్నదే మొత్తం కథని మార్చేస్తుంది.

గుండె కణంలో ఈ మేఘాన్ని ఇంకోలా వాడతారు. ఛానెల్‌కి ఎదురుగా ఓ పది పదిహేను నానోమీటర్ల సందు అవతల లోపలి సంచీ మీద రయనోడిన్ రిసెప్టర్లు అనే ఇంకో రకం తలుపులు ఉంటాయి, ఈ కొంచెం కాల్షియం తగలగానే అవి తెరుచుకుని సంచీలోని బోలెడు కాల్షియాన్ని వదులుతాయి, దాంతో గుండె కొట్టుకుంటుంది. సిడ్నీ రింగర్ 1880ల్లో కప్ప గుండెని ఉప్పు ద్రావణంలో ఆడించాడు, కుళాయి నీళ్ళతో చేసిన ద్రావణంలో ఆడిన గుండె శుద్ధమైన నీళ్ళతో చేసినదాంట్లో ఆగిపోతుంటే కుళాయి నీళ్ళలో ఉన్నదేంటా అని వెతికితే కాల్షియం దొరికింది. పొరపాటుగా వాడిన నీళ్ళే దారి చూపించాయి, నా లాగ్ పొరపాటు లాంటిది కాదు, పనికొచ్చే పొరపాటు.

14వ రోజు

ఛానెల్ తనంతట తాను మూసుకోవడం. వోల్టేజ్ ఎక్కువసేపు అలాగే ఉన్నా ఎల్ రకం ఛానెల్ (మన క్యావ్ 1.2 ఈ రకమే) కాసేపటికి మొరాయిస్తుంది. ఎల్ అంటే లాంగ్ అని, టీ అంటే ట్రాన్సియెంట్ అని, ఎన్ అంటే ఈ రెండూ కాదు అని సరదాగా చెప్తారు. టీ రకం తక్కువ వోల్టేజ్‌కే తెరుచుకుని గబుక్కున మూసుకుంటుంది, దాని జోలికి ఇప్పుడు పోవట్లేదు.

ఎల్ రకాన్ని మూసేది ముఖ్యంగా లోపలికొచ్చిన కాల్షియమే. కాల్‌మాడ్యులిన్ అనే చిన్న ప్రోటీన్ ముందు నుంచే ఛానెల్ తోకకి అతుక్కుని కాచుకుని ఉంటుంది, కాల్షియం దానికి తగిలితే ఛానెల్‌ని మూయిస్తుంది. నేను కోడ్‌లో కాల్షియం ఎక్కువైతే మూయి అని ఒక లైన్ రాశా. ఛానెళ్ళు మూసుకోలేదు, అసలు కదల్లేదు. ఎందుకో పది నిమిషాల్లోనే పట్టేశా, గర్వంగా ఉంది, మొన్నటి తప్పే కదా: ఆ లైన్‌కి కణం సగటు ఇచ్చా, 160 నానోమోలార్ చూసి కాల్‌మాడ్యులిన్‌కి ఏం ఖంగారు? అది కూర్చున్నది ఛానెల్ నోట్లో. వేరియబుల్ పేరు మార్చి నోటి దగ్గరి అంకె ఇచ్చా, వెంటనే గ్రాఫ్ అందంగా వంగింది.

చెక్ చేయడానికి బేరియం ట్రిక్. కాల్షియం బదులు బేరియం పెడితే ఛానెల్ గుండా హాయిగా పోతుంది కానీ కాల్‌మాడ్యులిన్‌ని కదిలించదు, కాబట్టి కరెంట్ చాలాసేపు నిలబడాలి. బ్రెహ్మ్, ఎకర్ట్ 1978లో పారమీసియం అనే ఏకకణ జీవి మీద చేసిన పనిలోనే కాల్షియం లోపలికి రావడమే కాల్షియం ఛానెల్‌ని మూయిస్తుందని తేలింది. నా కోడ్‌లో బేరియం అనే స్విచ్ పెట్టి ఆన్ చేస్తే నిలబడింది. స్విచ్ ఆఫ్, వంగింది. ఆన్, నిలబడింది. చిన్నపిల్లాడిలా పదిసార్లు నొక్కా.

మూసుకోకపోతే ఏమవుతుందో కూడా తెలుసు: టిమోతీ సిండ్రోమ్ అనే అరుదైన జబ్బులో క్యావ్ 1.2లో 406వ స్థానంలో గ్లైసిన్ బదులు ఆర్జినిన్ పడుతుంది, ఒక్క అక్షరం మార్పు, ఛానెల్ సరిగా మూసుకోదు, గుండె లయ ప్రమాదంలో పడుతుంది, వేళ్ళు కలిసిపోయి పుట్టడం, ఆటిజం లక్షణాలు కూడా ఉంటాయి.

ఇవాళ కోడ్ లెక్కేశా. తెరవడం 14 లైన్లు, మూయడం, పట్టుకోవడం, తోడేయడం కలిపి 190.

17వ రోజు

ఇక నాన్న మాత్ర. ఆమ్లోడిపిన్ లాంటి డైహైడ్రోపిరిడిన్ జాతి మందులు ఎల్ రకం ఛానెల్‌కి అతుక్కుంటాయి, అంతవరకు ఓకే, కానీ అదే ఎల్ రకం గుండెలోనూ ఉంది, రక్తనాళాల గోడల్లోని నున్నటి కండరంలోనూ ఉంది. మాత్ర రెండింటినీ ఒకేలా ఆపితే బీపీ తగ్గడం సంగతి దేవుడెరుగు, గుండె బలం కూడా తగ్గిపోవాలి కదా? మామూలు మోతాదులో నాళాలే ఎక్కువ వింటాయి. ఎందుకు?

ఇక్కడ 14వ రోజు రాసిన కోడ్ పనికొచ్చింది. ఈ మందు మొరాయించిన స్థితిలో ఉన్న ఛానెల్‌ని చాలా గట్టిగా పట్టుకుంటుంది, విశ్రాంతిలో ఉన్నదాన్ని అంతగా పట్టించుకోదు. గుండె కండరం కణాలు విశ్రాంతిలో మైనస్ 80, 90 దగ్గర ఉంటాయి, నాళం గోడ కండరం మైనస్ 60 నుంచి 40 మధ్య, అంటే అక్కడ ఎప్పుడూ కొన్ని ఛానెళ్ళు మొరాయించే ఉంటాయి. నేను పట్టు బలంలో వెయ్యి రెట్ల తేడా పెట్టుకుని, మందు 5 నానోమోలార్ అనుకుని నడిపా (ఈ అంకెలు నా బొమ్మ కణానివి, మనిషి రక్తంలోవి కాదు). మైనస్ 80 దగ్గర ఆగినవి నూటికి 4. మైనస్ 50 దగ్గర నూటికి 57. ఛానెల్ అదే, మందు అదే, వోల్టేజ్ ఒక్కటే మార్చా.

సాయంత్రం నాన్నని కూర్చోబెట్టి రెండు గ్రాఫులూ చూపించా. నాళం గోడలో కండరం బిగవాలంటే కాల్షియం లోపలికి రావాలి, ఆ తలుపుల్లో సగం మూసేస్తే గోడ వదులవుతుంది, నాళం వెడల్పవుతుంది, బీపీ తగ్గుతుంది. రక్తంలో కాల్షియం ఎంతుందో అంతే ఉంటుంది, ఎముకకి వెళ్ళేది ఎముకకి వెళ్తుంది, ఈ మాత్ర కాల్షియాన్ని పట్టుకోదు, తలుపుని పట్టుకుంటుంది అని చెప్పా. ఆయన కాసేపు ఆలోచించి "మరి నా చేతులు కాళ్ళు కూడా కండరాలే కదరా, అవి వదులవ్వవా?" అన్నాడు.

నిజం చెప్పాలంటే ఆ ప్రశ్న నాకు పదిహేడు రోజుల్లో ఒక్కసారి కూడా రాలేదు. వెతికితే జవాబు భలే ఉంది: చేతుల కండరాల్లో ఉండే క్యావ్ 1.1 ఛానెల్, లోపలి సంచీ మీద రయనోడిన్ రిసెప్టర్‌ని నేరుగా తాకుతూ ఉంటుంది. ఎస్4 కదిలితే ఆ కుదుపే అవతలి తలుపుని తెరుస్తుంది, బయటి నుంచి కాల్షియం లోపలికి రానక్కర్లేదు. కాబట్టి దారి మూసుకున్నా చెయ్యి లేస్తుంది. ఇది చెప్తే నాన్న "అంటే అక్కడ ఛానెల్ అన్నది పేరుకే, పని చేసేది మీట" అన్నాడు. దీన్నే నేనైతే రెండు పేరాలు రాసేవాణ్ణి.

18వ రోజు

మిగిలిన బగ్: నా మోడల్లో మందు వేసిన మరుక్షణమే ఛానెళ్ళు ఆగుతున్నాయి, నిజం ఆమ్లోడిపిన్ అలా కాదు, చాలా నింపాదిగా పట్టుకుని నింపాదిగా వదులుతుంది, ఒంట్లోంచి సగం పోవడానికే 30 నుంచి 50 గంటలు పడుతుంది, అందుకే రోజుకొక్కటే మాత్ర. పట్టే వేగం తగ్గించి రెండు రోజుల కథ నడపాలంటే 0.01 మిల్లీసెకన్ల స్టెప్‌తో వెయ్యి కోట్లకు పైగా అడుగులు, ఈ లాప్‌టాప్ వల్ల అయ్యే పని కాదు. వేగంగా మారేవాటిని విడిగా సగటు చేసి, మందుని మాత్రం నిమిషానికో అడుగు చొప్పున నడిపేలా కోడ్‌ని రెండు లూపులుగా చీలుస్తున్నా. ఇప్పటికి లోపలి లూప్ నడుస్తోంది, బయటి లూప్ మొదటి అడుగులోనే సున్నాతో భాగిస్తోంది.